పోటు నీటి మీద బతికిన మిల్లు
(నీటి మరల కథ – 6)

గత సంచికలో 1086 నాటి డూమ్స్‌డే లెక్కల దగ్గర ఆగాం. విలియం రాజు పంపిన గుమాస్తాలు ఇంగ్లండు ఊరూరా తిరిగి ఎవరికి ఎంత పొలం, ఎన్ని ఎద్దులు, ఎన్ని మరలు అని రాసుకుంటే, మరల లెక్క దాదాపు 6,000 దాకా తేలింది. వాటిలో డోవర్ రేవు మర గురించి రాసిన ముక్క మాత్రం తమాషాగా ఉంటుంది. అది రేవు ముఖంలోనే ఉండి నీళ్ళను కలచివేస్తోందట, వచ్చీపోయే ఓడలకు చేటు తెస్తోందట. శిస్తు లెక్కల మధ్యలో ఓడలవాళ్ళ గోడు! ఏటి ఒడ్డున ఉండాల్సిన మర ఓడలు తిరిగే చోటికి ఎందుకొచ్చింది? అది సముద్రపు పోటుతో తిరిగే మర అయ్యుంటుందని చరిత్రకారుల ఊహ.

పోటు మరలు అంతకు చాలా ముందునుంచే ఉన్నాయి. థేమ్స్ నది సముద్రంలో కలిసే దారిలో నార్త్‌ఫ్లీట్ దగ్గర తవ్వకాల్లో బయటపడిన మర కట్టె దుంగల వయసు లెక్కగడితే క్రీ.శ. 692 అని తేలింది. ఐర్లండులో నెండ్రమ్ మఠం దగ్గరిది ఇంకా పాతది, 619 నాటిది. ఈ జాతి మరల్లో ఈనాటికి మిగిలిన వాటిలోకెల్లా పెద్దది లండన్ తూర్పు కొసన ఉంది. దాని పేరు హౌస్ మిల్. కట్టింది 1776లో. ఈ వారం కథ దానిదే.

ఇంగ్లండు నీటి మర అనగానే మనసులో మెదిలే బొమ్మ ఒకటుంది. పచ్చిక, వాగు, బాతులు, నాచు పట్టిన చక్రం, గడపలో పిండి అంటిన ముసలి మిల్లరు. ఆ బొమ్మను మనకు అలవాటు చేసిన చిత్రకారుల్లో ముందుండే జాన్ కాన్‌స్టబుల్ స్వయానా ఒక మిల్లు యజమాని కొడుకు. హౌస్ మిల్లు ఆ బొమ్మలో ఇమడదు. అది లండన్ నగరానికి సారా తయారీ కోసం ధాన్యం విసిరిన కార్ఖానా. అందుకే అన్నాళ్ళు బతికిందని నా వాదన. అది తర్వాత.

లీ అనే నది ఉత్తరం నుంచి వచ్చి లండన్ తూర్పు పక్కన థేమ్స్‌లో కలుస్తుంది. కలిసే ముందు చదునైన బురద నేలలో పాయలు పాయలుగా చీలిపోతుంది. థేమ్స్‌లోకి రోజుకు రెండుసార్లు ఎక్కే సముద్రపు పోటు ఈ పాయల్లోకి కూడా ఎగదన్నుతుంది. 12వ శతాబ్దం మొదట్లో మొదటి హెన్రీ రాజు భార్య మెటిల్డా ఇక్కడ నది దాటుతూ మునిగిపోబోయిందనీ, ఆ భయంతోనే బో అనే చోట రాతి వంతెన కట్టించిందనీ కథనం. వంతెన కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకొక ఎత్తు. దాని మరమ్మతు ఖర్చులకు కొంత భూమినీ ఒక మరనూ బార్కింగ్ మఠానికి రాసిచ్చింది. తర్వాత ఆ ఆస్తి పక్కనే ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ మఠం చేతికి పోయింది. మర మీది రాబడి ఎవరిదో, వంతెన మరమ్మతు ఎవరిదో తేలక రెండు మఠాల మధ్య చాలా ఏళ్ళు తగువు నడిచింది. రాబడి తినడానికి అందరూ సిద్ధమే, రాళ్ళు మోయడానికి ఎవరూ రారు. వందల ఏళ్ళ కిందటి దస్త్రం అయినా చదువుతుంటే నిన్నటి పంచాయతీ తగువులాగే ఉంటుంది.

స్ట్రాట్‌ఫర్డ్ మఠం 1135లో పుట్టింది. ఈ పాయల మీది మరలు దాని అధీనంలో ఉండేవి. వాటి పిండితో ఊళ్ళో రొట్టెలు కాల్చి బళ్ళ మీద లండన్‌కు తోలేవారు. 1538లో ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసేసరికి ఆ ఆస్తులన్నీ ప్రైవేటు వాళ్ళ పాలయ్యాయి. ఆ చోటుకు త్రీ మిల్స్, అంటే మూడు మరల చోటు, అనే పేరు నిలిచింది. ఇప్పుడు ఉన్నవి రెండే.

1728లో ఈ మరలు పీటర్ లెఫెవర్, అతని భాగస్వాముల చేతికి వచ్చాయి. ఇంటి పేరు చూస్తేనే ఫ్రెంచి వాసన. ఫ్రాన్సులో 1685లో పధ్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్ల మత స్వేచ్ఛ లాగేసుకున్నాక ఇంగ్లండుకు వలస వచ్చిన హ్యూగనాట్ల కుటుంబాల్లో అదొకటి. పట్టు నేతలోనే కాక వర్తకంలోనూ వాళ్ళది అందెవేసిన చెయ్యి. వాళ్ళు పిండి అమ్ముకోవడంతో ఆగలేదు, ఆ ధాన్యాన్ని పులియబెట్టి బట్టీ పట్టి సారా దింపే వ్యాపారానికి మరను కలిపారు. అది లండన్ జిన్ను మత్తులో మునిగిన కాలం. 1751లో హొగార్త్ గీసిన ‘జిన్ లేన్’ బొమ్మ, అదే ఏడు పార్లమెంటు తెచ్చిన జిన్ చట్టం, రెండూ ఆ మత్తు మీద కోపంతో పుట్టినవే. బట్టీల్లో మిగిలిన పిప్పి పారబొయ్యలేదు, దాంతో పందుల్ని మేపి బలిపించి అమ్మారు. ధాన్యంలో పోగొట్టుకున్న గింజ లేదన్నమాట.

1776లో డేనియల్ బిసన్ పాత మర ఉన్నచోటే కొత్తది లేపాడు. ముందు గోడ మీద డి, ఎస్, బి అనే మూడక్షరాలు, 1776 అనే అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. డేనియల్, భార్య సారా, ఇంటి పేరు బిసన్. రెండు ఇళ్ళ మధ్య కట్టారు కాబట్టి హౌస్ మిల్. ఒక ఇంట్లో మిల్లు చూసుకునే మనిషి కాపురం.

వీధిలోంచి చూస్తే ఇది మరలా ఉండదు. ఇటుక గోడ, వరసగా కిటికీలు, ఆ కాలపు లండన్ షావుకారు మేడలన్నిటిలాగే ఉంటుంది. ఆ ఇటుక మొహం మర్యాద కోసం. బరువు మోసేది లోపలి కట్టె చట్రం. మోపైన దూలాలు, గుంజలు, వాటి మీద అంతస్తులు. ఐదు అంతస్తుల ఈ కట్టడం నది గట్టున లేదు, నదికి అడ్డంగా ఉంది. దాని కింది భాగమే ఆనకట్ట. నేల అంతస్తు పలకల కిందుగా నీళ్ళు పారే కాలువలు, ఆ కాలువల్లో నాలుగు నీటి చక్రాలు. చక్రం పక్కన మర కట్టారని చెప్పడానికి లేదు. చక్రాన్ని లోపలేసుకునే మరను కట్టారు.

పోటు మర సూత్రం చాలా చిన్నది. పోటు ఎక్కేటప్పుడు నీటిని లోపలికి రానివ్వాలి, దిగేటప్పుడు పట్టి ఉంచాలి, బయట మట్టం బాగా పడిపోయాక చక్రాల మీదుగా వదలాలి. తలుపుల అమరిక అందులో తెలివంతా. బయటి నీరు ఎత్తుగా ఉన్నంతసేపూ ఆ తోపుకే తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. ఆటు మొదలై బయటి మట్టం లోపలిదానికన్నా తగ్గిన మరుక్షణం లోపలి నీటి ఒత్తిడే వాటిని మూసేస్తుంది. మనిషి ముట్టుకోనక్కర్లేదు. హౌస్ మిల్లుకు వేరే చెరువు తవ్వలేదు, ఎగువన స్ట్రాట్‌ఫర్డ్ వైపు పాకిన లీ పాయలే చెరువు. పోటు నీటికి తోడు నది మంచినీళ్ళు కూడా అందులోనే చేరతాయి.

తలుపులు మూసుకోగానే మర ఆడదు. అప్పటికి చక్రాల అడుగు భాగం బయటి నీళ్ళలో ములిగి ఉంటుంది. ములిగిన చక్రాన్ని తిప్పాలంటే ముందు నుంచి తోసే నీటికి వెనక నుంచి అడ్డుపడే నీరు జవాబు చెబుతుంది. బయటి మట్టం చక్రం అడుగుకు దిగేదాకా ఆగాలి. అప్పుడు తూము తలుపు ఎత్తితే నీళ్ళు చక్రం కిందనుంచి దూసుకెళ్ళి రెక్కల్ని తన్నుతాయి. అక్కడినుంచి తర్వాతి పోటు మళ్ళీ చక్రాన్ని ముంచేదాకా, ఆరేడు గంటల పని.

పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజు రోజుకూ పని వేళ 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ వారం తెల్లవారి మొదలైన మర, వచ్చే వారం మధ్యాహ్నం మొదలవుతుంది. మిల్లరుకు పగలూ రాత్రీ తేడా ఉండదు, భోజనం వేళా నిద్ర వేళా చంద్రుడు చెప్పినట్టే. అమావాస్యకూ పౌర్ణమికీ పెద్ద పోటు, నీళ్ళు ఎత్తుకు ఎక్కి లోతుకు దిగుతాయి, మరకు పండగ. అష్టమి దగ్గర ఎక్కడమూ అంతంతే, దిగడమూ అంతంతే, మర నీరసంగా ఆడుతుంది. అయినా వాగు మీది మరవాడు ఈ మిల్లరును చూసి అసూయపడాలి. వాగు ఎండాకాలం చిక్కిపోతుంది, పోటు ఏ ఏడూ ఎగ్గొట్టదు. ఎప్పుడొస్తుందో పంచాంగం చూసి పదేళ్ళ ముందే చెప్పొచ్చు.

నీళ్ళు కిందనుంచి తన్నే చక్రంలో చాలా శక్తి వృథా. 1759లో జాన్ స్మీటన్ చిన్న నమూనా చక్రం మీద ప్రయోగాలు చేసి లెక్క తేల్చాడు. పైనుంచి తొట్లలోకి నీళ్ళు పడే చక్రం నీటి శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు పనికి రాబడుతుంది, కిందనుంచి తన్నే చక్రం మూడో వంతు కూడా రాబట్టలేదు. రాయల్ సొసైటీ ఆ పత్రానికి కోప్లీ పతకం ఇచ్చింది. అంత చెప్పినా హౌస్ మిల్లులో కింది తన్నుడు చక్రాలే ఉన్నాయేమంటే, చదును నేలలో పైనుంచి పడటానికి ఎత్తు ఎక్కడిది? ఎత్తు లేనప్పుడు వెడల్పు. దాదాపు 6 మీటర్ల అడ్డకొలత ఉన్న చక్రాల్ని ఒకటికి నాలుగు పెట్టారు. తొలి రోజుల్లో చక్రాలు కట్టెవి, ఇప్పుడున్నవి 19వ శతాబ్దపు పోత ఇనుప చక్రాలు.

ఇక పళ్ళ చక్రాలు. నీటి చక్రం నిలువుగా, నింపాదిగా తిరుగుతుంది. రాయి పడుకుని, జోరుగా తిరగాలి. దిశా మార్చాలి, వేగమూ పెంచాలి. ఇంగ్లీషు మరల్లో దీనికి స్థిరపడిన ఏర్పాటు ఇలా ఉంటుంది. నీటి చక్రం ఇరుసు గోడ దాటి లోపలికి వస్తుంది, దాని కొసన సగం గుంటలో దిగిన పెద్ద పళ్ళ చక్రం. దాని పళ్ళు నిలువు స్తంభానికి బిగించిన ఒక చిన్న పళ్ళ చక్రాన్ని తిప్పుతాయి. అదే స్తంభానికి కాస్త పైన బోర్లించిన గొడుగులా పరుచుకున్న మరో పెద్ద చక్రం, దాని అంచు చుట్టూ రాళ్ళను తిప్పే చిన్న చక్రాలు. ప్రతి దశలోనూ పెద్దది చిన్నదాన్ని తిప్పడంతో వేగం పెరుగుతూ పోయి, నాలుగడుగుల రాయి నిమిషానికి 120 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. ఏ జత రాళ్ళకు పని లేదో దాని చిన్న చక్రాన్ని మర మేకుతో పైకెత్తి పళ్ళు విడదీస్తే ఆ జత ఆగుతుంది, మిగతావి ఆడుతూనే ఉంటాయి.

ఇనుప చక్రానికి ఇనుప పళ్ళే ఉండాలని లేదు. పెద్ద చక్రం చట్రం పోత ఇనుము, పళ్ళు మాత్రం కట్టెవి. హార్న్‌బీమ్ అనే చేవ కర్రో, ఆపిల్ చెట్టు కర్రో చెక్కి, ఒక్కో పన్నునూ చట్రంలోని గాడిలో దిగేసి వెనక మేకు కొడతారు. ఇనుప పన్నూ కట్టె పన్నూ కలిస్తే చప్పుడు తక్కువ, నిప్పురవ్వ పుట్టదు. ఏ రాయో ఇరుక్కుంటే విరిగేది పది నిమిషాల్లో మార్చగల కర్ర ముక్క, చక్రం కాదు. పళ్ళ లెక్కలో ఇంకొక చమత్కారం ఉంది. పెద్ద చక్రానికి సరిగ్గా 120, చిన్నదానికి 20 పళ్ళు పెడితే, ప్రతి పన్నూ ఎప్పుడూ అవే పళ్ళతో రాసుకుని, ఒకదాని లోపం ఒక్కచోటే గుంట పడేస్తుంది. అందుకని ఒక పన్ను కలిపి 121 చేస్తారు. అప్పుడు ఏ పన్నూ వెంటనే పాత జోడీకి రాదు, అన్నీ అన్నిటితో రాసుకుంటూ సమంగా అరుగుతాయి. మిల్లు కట్టే మేస్త్రీలు బడిలో నేర్చుకున్న గణితం కాదిది.

నాలుగు చక్రాలు కలిసి 12 జతల రాళ్ళను తిప్పేవి. ఒక్కో రాయి దాదాపు టన్ను బరువు. ఇన్ని టన్నులు గిరగిరా తిరిగితే ఇల్లు కంపించిపోదా? అందుకే రాళ్ళనూ పళ్ళ చక్రాలనూ గోడలకు ఆనించరు. బలమైన దుంగలతో లోపల ఇంకొక చట్రం కట్టి, మోత అంతా దాని మీద పెట్టి, దాన్ని తిన్నగా నేలకు దించుతారు. ఇంగ్లండు మరల్లో ఇది పాత పద్ధతి.

ఇంగ్లీషు మిల్లర్లు రెండు రకాల రాళ్ళు వాడేవారు. పశువుల దాణాకూ ముతక పనికీ డెర్బీషైర్ కొండల రాయి. నాణ్యమైన గోధుమ పిండికి మాత్రం ఫ్రాన్సు రాయే కావాలి. పారిస్‌కు తూర్పున మార్న్ లోయలో, లా ఫెర్తే-సూ-జువార్ ఊరి గనుల్లో దొరికే ఆ రాయి గాజులా గట్టిది, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. నాలుగడుగుల దిమ్మ ఒక్కటిగా దొరకదు. అందుకని ముక్కలు చెక్కి, ఒకదానికొకటి అతికించి, ఎర్రగా కాల్చిన ఇనుప పట్టీలు చుట్టూ దిగవేస్తారు. చల్లారి బిగుసుకున్నాక ఆ ముక్కలు ఒకే రాయి అవుతాయి. ఇంగ్లండు ఫ్రాన్సుతో ఎన్ని యుద్ధాలు చేసినా ఇంగ్లీషు రొట్టె ఫ్రెంచి రాతి కిందనే నలిగింది.

కింది రాయి కదలదు, పైది తిరుగుతుంది, గింజ పై రాతి మధ్య కంట్లోంచి దిగుతుంది. మన తిరగలీ అంతే. తేడా మనిషి చెయ్యి బదులు నది ఉండటం, ఇంకా ముఖ్యంగా, ఈ రెండు రాళ్ళూ ఎప్పుడూ ఒకదాన్నొకటి తాకకూడదు. కంటి దగ్గర సందు కాస్త ఎక్కువ, అంచు దగ్గరికి వచ్చేసరికి పల్చటి కాగితం మందం. గింజ ముందు విరిగి, తర్వాత నలిగి, చివర మెత్తనై అంచు నుంచి రాలుతుంది. ఈ సందును కింది అంతస్తులో ఒక మర మేకును తిప్పి వెంట్రుకవాసి పైకీ కిందికీ జరుపుతారు. నీటి జోరు మారినప్పుడల్లా సందు సరిచూడాలి. పోటు మరలో నీటి జోరు గంట గంటకూ మారుతుంది కదా, ఆటు మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చెరువు ఖాళీ అయ్యేటప్పుడు ఒకలా. కాబట్టి మిల్లరు కాసేపటికోసారి కిందికి దిగి, గొట్టంలోంచి జారే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, వేడెక్కిందనో ముతకగా ఉందనో గ్రహించి ఆ మర మేకు తిప్పుతాడు. ఇంత ఇనుమూ ఇన్ని దూలాలూ చివరికి రెండు వేళ్ళ మాట వింటాయి.

రాళ్ళు తాకకుండా ఉండటానికి ఇంకొక కారణం నిప్పు. పైన గింజలు అయిపోతే, వట్టి రాళ్ళు రాసుకుని రవ్వలు ఎగురుతాయి. గాలి నిండా పిండి ధూళి. ఆ ధూళికి రవ్వ తగిలితే పేలిపోతుంది. దీనికి మిల్లరు చేసుకున్న ఏర్పాటు ముచ్చటైనది. గింజలు పోసే తొట్టిలో అడుగున ఒక తోలు పట్టీ అడ్డంగా వేస్తారు, దాని కొసకు తాడు, తాడుకు చిన్న గంట. తొట్టిలో గింజలున్నంతసేపూ వాటి బరువు పట్టీని అణిచి ఉంచుతుంది, గంట పైకి వేలాడుతుంది. గింజలు తగ్గగానే పట్టీ వదులై గంట కిందికి జారి, తిరిగే ఇరుసుకు తగిలి గణగణమంటుంది. మిల్లరు ఏ అంతస్తులో ఉన్నా పరిగెత్తుకు రావాలి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా 1802లో హౌస్ మిల్లు నిప్పంటుకుంది. మళ్ళీ లేపారు.

గింజ ప్రయాణం మాత్రం ఎప్పుడూ పైనుంచి కిందికే. పడవల్లో వచ్చిన మూటలను అదే నీటి శక్తితో తిరిగే గొలుసు నేరుగా పై అంతస్తుకు లాగుతుంది. దారిలో ప్రతి అంతస్తు నేలలోనూ రెండు రెక్కల మూత ఉంటుంది. కిందనుంచి వచ్చే మూట తన నెత్తితోనే రెక్కల్ని తోసుకుని పైకి పోతుంది, మూట దాటగానే రెక్కలు వాటంతటవే టపీమని పడి మూసుకుంటాయి. దాంతో ఎవరూ కాలు జారి కిందపడరు. పైన గాదెల్లో పోసిన ధాన్యం గొట్టాల్లోంచి రాళ్ళ అంతస్తుకు, అక్కడ నలిగి కింది అంతస్తులో బస్తాలోకి. ఇంగ్లండు మిల్లులు అంత ఎత్తుగా ఎందుకుంటాయంటే, ఒక్కసారి పైకి మోస్తే చాలు, మిగతా చాకిరీ అంతా బరువే చేస్తుంది.

రాళ్ళు అరిగిపోతాయి. వాటి మొహం మీద మధ్య నుంచి అంచుకు వంపుగా పోయే గాళ్ళు, గాళ్ళ మధ్య మిట్టలు, మిట్టల మీద సన్నని గీతలు ఉంటాయి. గాడి అంచు కత్తెరలా గింజను కోస్తుంది, పిండిని బయటికి నెడుతుంది, గాలి ఆడనిచ్చి చల్లబరుస్తుంది. ఆ అంచు మొద్దుబారితే పిండి నలగదు, మాడుతుంది. అప్పుడు చిన్న కొక్కెపు యంత్రంతో టన్ను రాయిని పైకెత్తి వెల్లకిలా తిప్పి, మళ్ళీ కక్కు కొడతారు. ముందు ఎర్ర రంగు పూసిన నిటారు బద్దను రాయి మీద ఆనిస్తే, మిట్టగా ఉన్నచోటల్లా ఎరుపు అంటుతుంది. అక్కడ చెక్కాలి. కర్ర పిడిలో దిగేసిన ఉక్కు ఉలితో, మోచెయ్యి రాయి మీద ఆనించి, గంటల తరబడి టకటక కొట్టుడు. ఉలి నుంచి రాలిన ఉక్కు తునకలు చేతి వీపులో దిగి నీలిమచ్చలై నిలిచిపోయేవి. ఊరూరా తిరిగే కక్కు మేస్త్రీ పని అడగడానికి వస్తే, మిల్లరు ముందు చేతులు చూపించమనేవాడు. మచ్చలే యోగ్యతా పత్రం.

త్రీ మిల్స్‌లో మిగిలిన రెండో మర, పక్కనున్న క్లాక్ మిల్లును 1815–17లో తిరగకట్టారు. కట్టించిన ఫిలిప్ మెట్‌కాఫ్ సారా వర్తకుడు, పార్లమెంటు సభ్యుడు, చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ వీలునామా అమలుకు నియమించిన ముగ్గురిలో ఒకడు. మిగతా ఇద్దరు ఎడ్మండ్ బర్క్, ఎడ్మండ్ మలోన్. జిన్ను డబ్బు ఎంత పెద్ద మనుషుల సరసన కూర్చోబెట్టిందో దీన్నిబట్టి తెలుస్తుంది. 1872లో మరలు, బట్టీలు నికల్సన్ కంపెనీకి అమ్ముడయ్యాయి. వాళ్ళదీ జిన్ను వ్యాపారమే.

ఇక్కడ ఒక ప్రశ్న. హౌస్ మిల్లు కట్టిన పదేళ్ళకే, 1786లో, లండన్ నడిబొడ్డున ఆవిరి యంత్రంతో నడిచే ఆల్బియన్ మిల్లు వచ్చింది. 1880ల్లో ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చి ఇంగ్లండు పల్లెల్లో రాతి మరల్ని వరసబెట్టి మూయించాయి. పాఠ్యపుస్తకాల్లో ఆవిరి వచ్చింది, నీటి మర పోయింది అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మరి ఈ పోటు మర 1941 దాకా ఎలా ఆడింది?

రోలర్ల మిల్లు గెలిచింది తెల్లటి పిండి వల్ల. రాయి గింజ మొత్తాన్ని కలిపి నలిపేస్తుంది, రోలర్లు పొరలు పొరలుగా ఒలిచి, తవుడునూ మొలకనూ విడదీసి, మల్లెపువ్వులాంటి మైదా ఇస్తాయి. నగరం జనం తెల్ల రొట్టె కోరారు, రాతి మర ఓడిపోయింది. సారా బట్టీకి తెలుపుతో పనేమిటి? దానికి కావలసింది గింజ పగలడం, నలగడం, వేడి నీళ్ళలో నానడం. బార్లీ, రై, మొక్కజొన్న ఏదైనా సరే, తవుడు ఉన్నా పరవాలేదు. ఆ పనికి పాత రాయే చాలు, పైగా తిప్పేది డబ్బులడగని పోటు. బొగ్గు కొనక్కర్లేదు. రొట్టెకు విసిరి ఉంటే ఈ మర అరవై ఏళ్ళ ముందే మూతపడేదని నా లెక్క. జిన్ను కాపాడింది.

మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో ఈ బట్టీలకు ఇంకొక వింత పని తగిలింది. తుపాకి మందు తయారీకి ఎసిటోన్ కావాలి, అది దొరకడం కష్టమైంది. మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పే చైమ్ వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సూక్ష్మజీవితో పిండి పదార్థాన్ని పులియబెట్టి ఎసిటోన్ తీసే దారి కనిపెట్టాడు. పెద్ద ఎత్తున అది పనిచేస్తుందో లేదో చూడటానికి నౌకాదళం వాళ్ళు ఎంచుకున్న చోటు నికల్సన్ జిన్ను బట్టీ. పులియబెట్టడం తెలిసినవాళ్ళు, తొట్లు ఉన్నవాళ్ళు ఇంకెవరు? ఆ వైజ్‌మనే 1949లో ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడయ్యాడు.

రెండో యుద్ధం మాత్రం మరను వదల్లేదు. 1940లో జర్మన్ బాంబులు తూర్పు లండన్ మీద కురిసినప్పుడు పక్కనున్న మిల్లరు ఇల్లు దెబ్బతింది. మరుసటి ఏడు హౌస్ మిల్లులో విసరడం ఆగిపోయింది. క్లాక్ మిల్లు ఇంకో పదేళ్ళు ఆడింది. తర్వాత హౌస్ మిల్లు గోదాముగా మిగిలింది. 1970ల్లో కూల్చేసే మాట వచ్చినప్పుడు చుట్టుపక్కల జనం, పాత యంత్రాల మీద మక్కువ ఉన్నవాళ్ళు అడ్డుపడి నిలబెట్టారు. ఇప్పుడది మొదటి తరగతి రక్షిత కట్టడం, ఒక ట్రస్టు చూసుకుంటోంది. బాంబుకు పోయిన మిల్లరు ఇంటి ముఖాన్ని 1995లో పాత పోలికలోనే తిరిగి కట్టారు. నాలుగు చక్రాలూ, రాళ్ళూ ఉన్నాయి, తిరగడం లేదు. పక్కనున్న పాత బట్టీల స్థలంలో సినిమా స్టూడియో వెలిసింది. బ్రిటన్ టీవీలో ‘బిగ్ బ్రదర్’ తొలి రెండు సీజన్ల ఇల్లు వేసింది ఇక్కడే. మన తెలుగు బిగ్ బాస్ ఇంటికి తాతగారి వాకిలి అన్నమాట. 2012 ఒలింపిక్స్ జరిగిన పార్కు నడిచి వెళ్ళేంత దూరం. లండన్‌లో ఉంటున్న మన పాఠకులెవరైనా చూడాలనుకుంటే బ్రోమ్లీ-బై-బో స్టేషన్‌లో దిగాలి. లోపలికి రోజూ రానివ్వరు, తెరిచే రోజులు కనుక్కుని వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు ముందు గోడ చూసి తృప్తిపడి వచ్చేయకండి, నేల అంతస్తుకు దిగి చక్రాల కాలువలు చూడండి.

ఆల్బియన్ మిల్లు పేరు ఊరికే ప్రస్తావించి వదిలేశాను. ఆవిరితో లండన్ మొత్తానికి పిండి విసురుతానని బయల్దేరిన ఆ మిల్లు ఐదేళ్ళు తిరక్కుండానే 1791 మార్చిలో తగలబడిపోతే, వీధుల్లో మిల్లర్లు గంతులేశారని చెప్పుకుంటారు. ఆ కథ వచ్చే సంచికలో.